గంగన్న జాగాలో నిలబడ్డ రోజు

దయ్యాలూ భూతాలూ నాకు పట్టవు. మా కార్ఖానాకు పోయే అడ్డదారి శ్మశానం పక్క నుంచే ఉంటుంది. పద్నాలుగేళ్లుగా ఆ దారినే పోతున్నాను, ఒక్కనాడు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరికైనా పూనకం వస్తే పక్కకు జరిగి టీ తాగే రకాన్ని. మా ఆవిడ లత గుమ్మానికి నిమ్మకాయ కట్టినప్పుడల్లా, పులిహోరకు పనికొచ్చేదాన్ని పాడుచేశావని తిడతాను. కింద రాసేది చదివి నన్ను ఆ బాపతు మనిషి అనుకోవద్దనే ఇదంతా ముందు చెబుతున్నాను.

నాది సిరిసిల్ల. సాంచాలు నడుపుతాను. కరెంటు మగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. ఒక్కో మనిషికి పది సాంచాలు. పన్నెండు గంటలు వాటి చుట్టూ తిరుగుతూ, ఎక్కడ పోగు తెగితే అక్కడ ఆపి, అతికి, మళ్లీ నడపాలి. ఆ మోతలో పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. నా చెవులు ఇప్పటికే సగం పోయాయి.

మాటలు పనిచేయని చోట సైగలు పుడతాయి. మా కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. ప్రతి మనిషి సాంచాల మీద ఒక లైటు ఉంటుంది. దాన్ని రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే, "వచ్చి నా జాగాలో నిలబడు, నేను పోవాలి" అని అర్థం. చూసినవాడు తన పని వదిలేసి రావాలి. ఎందుకని అడగకూడదు. అతను వచ్చేదాకా మొదటివాడు కదలకూడదు. మొదటివాడు తిరిగి వచ్చేదాకా రెండోవాడు కదలకూడదు. ఎవరు పెట్టారో తెలియదు, నేను చేరేనాటికే ఉంది.

నాకు పని నేర్పింది రాజమౌళి మామ. పక్క వరుస సాంచాలు ఆయనవి. ఆరేళ్ల కింద ఒక రోజు పొద్దున పదింటికి ఆయన లైటు రెండుసార్లు ఆరి వెలిగింది. నా చేతిలో తెగిన పోగు ఉంది. ఇదొక్కటి అతికి పోదామనుకున్నాను. అతికేసరికి పక్క సాంచాలో ఇంకోటి తెగింది. అదీ అతికాను. తల ఎత్తి చూస్తే ఆయన సాంచాల మధ్య కింద పడి ఉన్నాడు. గుండెనొప్పి వచ్చింది. బయటికి పోదామనుకున్నాడు, నేను రాలేదు కాబట్టి పోలేదు. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇక ఆట సంగతి. నేను ఫోన్‌లో జట్టుగా ఆడే ఒక ఆట ఆడతాను. నలుగురు ఒక జట్టుగా ఒక దీవిలో దిగాలి, చివరిదాకా బతకాలి. ఈ వయసులో నీకిదేం పిచ్చి అని లత నెత్తి కొట్టుకుంటుంది. నాకు ఆడటం కంటే కొత్తవాళ్లకు నేర్పడం ఇష్టం. పాతవాళ్లు కొత్తవాళ్లను వెంటేసుకుని ఆడటానికి ఆ ఆటలో పేరు పక్కన ప్రత్యేకంగా ఒక బిళ్ల, అంటే బ్యాడ్జీ, ఇస్తారు. నాకు అది వచ్చినప్పటి నుంచి అందరూ నన్ను ఉస్తాద్ అంటున్నారు. నేర్పేది కూడా సాంచాల పని నేర్పినట్టే. మొదటి రోజే తుపాకి ముట్టనివ్వను. ముందు నడవాలి, వంగాలి, నాలుగు దిక్కులూ చూడాలి. ఇప్పటి పిల్లలకు ఇవన్నీ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చచ్చి చచ్చి చివరికి నా దారికే వస్తారు.

అట్లా వచ్చినవాళ్లలో సౌమ్య ఒకతి. రాయికల్ అమ్మాయి, కోరుట్లలో డిగ్రీ చదువుతుంది. ఏది చెప్పినా ఇట్టే పట్టేసేది. ఒకరోజు ఆట అయ్యాక అడిగింది.

"అన్నా, మా బాపుకు గూడ జర నేర్పుతవా? సౌదీల ఖర్జూర తోటల పనిజేస్తడు. చుట్టుపక్కల తెలుగోడు లేడు. ఫోన్ చేస్తే తిన్నవా, తిన్న అంటడు, అయిపాయె. ఆటల ఉంటెనన్న మాతోని గంటసేపు ఉన్నట్టుంటది."

వాళ్ల నాన్న పేరు గంగన్న. నలభై ఏడేళ్లు. ఆటలో ఆయన బొమ్మకు సౌమ్యే ఎర్ర టోపీ పెట్టింది, దూరం నుంచి కనబడాలని. ఇంత మొద్దు శిష్యుడు నాకు ఇంకొకడు దొరకలేదు. నీళ్లలో దూకి చచ్చేవాడు. మేడ మీద నుంచి దిగమంటే దూకేవాడు. శత్రువు ఎదురొస్తే మనవాడే అనుకుని వెంట నడిచేవాడు. నేను కోపంతో ఫోన్ మంచం మీద విసిరికొట్టిన రోజులున్నాయి. అయినా మర్నాడు సరిగ్గా అదే వేళకు ఎర్ర టోపీ వచ్చి నిలబడేది. ఆ మనిషి గెలవడానికి రావడం లేదని నాకు నెల రోజులకు అర్థమైంది. సిగ్గేసింది. తర్వాత తిట్టలేదు.

అక్కడ ఆయనకు సిగ్నల్ తక్కువ. మాట వచ్చేది కాదు, బొమ్మ మాత్రం కదిలేది. అందుకని మా కార్ఖానా సైగ నేర్పాను. ఆటలో బొమ్మ చేతికి ఒక టార్చిలైటు ఉంటుంది. "గంగన్నా, లైటు రెండుసార్లు కొట్టు. నేను అచ్చి నీ జాగల నిలబడత. ఎందుకని అడుగ. నువ్వు తిరిగి అచ్చేదాక కదల" అని వాట్సాప్‌లో మాట పంపాను. బాపు దాన్ని పదిసార్లు విన్నాడని సౌమ్య నవ్వుతూ చెప్పింది. ఆయనకు ఆ ఒక్క పాఠం బాగా వచ్చింది. వంట మీదికి పోవాలంటే లైటు కొట్టేవాడు. నేను పోయి నిలబడేవాడిని.

పోయిన వానాకాలంలో జరిగింది ఇది. ఆ వారం నాది నైట్ డ్యూటీ, పగలు ఇంట్లో ఉన్నాను. నాలుగు రోజులుగా ముసురు. బట్టలు ఆరక ఇల్లంతా దండేలు కట్టి ఉన్నాయి. మధ్యాహ్నం మూడున్నరకు నేను, సౌమ్య ఆటలో దిగాము. ఇద్దరమే. ఆ ఒక్క ఆట గెలిస్తే సౌమ్యకు కూడా నేర్పేవాళ్ల బిళ్ల వస్తుంది. మూడు నెలలుగా దాని కోసమే కష్టపడింది.

ఆమె దీవికి అటు చివర ఉంది. నేను ఇటు ఇసుక నేల మీద ఉన్నాను. అక్కడొక నీళ్ల ట్యాంకు ఉంటుంది. దాని కింద ఎర్ర టోపీ కనబడింది. గంగన్న ఆలస్యంగా వచ్చి చేరాడనుకున్నాను. చేతిలో టార్చి ఆరింది, వెలిగింది. మళ్లీ ఆరింది, వెలిగింది.

అదే సమయంలో సౌమ్య అరిచింది. "అన్నా, జల్ది రా! నన్ను చుట్టుముట్టిన్రు!"

పోవలసింది ఆమె దగ్గరికే. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ లైటు చూశాక, తర్వాత పోదామనుకోవడం నావల్ల కాదు. ట్యాంకు కిందికి పోయాను. ఎర్ర టోపీ ఒక్క క్షణం నా ఎదురుగా ఆగి, ట్యాంకు వెనక చెట్ల వైపు నడిచి పోయింది. నేను దాని జాగాలో నిలబడ్డాను. అటు సౌమ్య చచ్చిపోయింది.

ఆ ఆటలో చచ్చినవాళ్లకు బతికున్నవాళ్ల తెర కనబడుతుంది.  సౌమ్య నా తెర చూసి అడిగింది.

"ఒక్కనివే గాడ ఎందుకు నిలబడ్డవన్నా?"

"మీ బాపు లైటు కొట్టిండమ్మా. చూడలేదా?"

"బాపు ఎక్కడున్నడు? బాపు ఫోన్ ఖరాబై నాలుగు రోజులాయె. రిపేర్‌కిచ్చిండు. మా మామ దగ్గరుంది."

 మామ అంటే ఆమె మేనమామ, గంగన్న ఉండే తోటకు అరగంట దూరంలో, అక్కడి పట్నంలో డ్రైవరు. ఇంకే ఆలోచనా రాలేదు నాకు. "మీ మామకు ఫోన్ చెయ్యి. ఉన్నపళంగ తోట కాడికి పొమ్మను. ఎందుకంటే ఉస్తాద్ పొమ్మన్నడని చెప్పు" అన్నాను.  ఆ పిల్ల మారు మాట్లాడకుండా కట్ చేసింది.

ఆట ఎప్పుడు ముగిసిందో నాకు సరిగా గుర్తు లేదు. గుర్తున్నది ఒకటే, కూర్చోలేకపోయాను. మంచం మీద కూర్చుని ఆడుతున్నవాడిని ఎప్పుడు లేచానో, ఇంటి నడుమ దండేల మధ్య నిలబడి ఉన్నాను. ఒళ్లంతా మండుతోంది. కిటికీ బయట వాన పడుతోంది, లోపల నా అరికాళ్లు కాలుతున్నాయి. నాలుక అంగిటికి అంటుకుపోయింది. లత చూసి భయపడింది.

"ఏందయ్యా గిది? జ్వరమొచ్చిందా? కూసో జర."

"కూసోను. నీళ్లియ్యి" అన్నాను. ఐదు చెంబులు తాగాను. ఆమె చెయ్యి పట్టి లాగితే విదిలించుకున్నాను. ఆమె చెయ్యి నేను విదిలించుకోవడం అదే మొదటిసారి. నేను కదిలితే అక్కడ ఏదో అయిపోతుందని ఎందుకో గట్టిగా అనిపించింది. రాజమౌళి మామ కళ్ల ముందు ఉన్నాడు. ఇది కల్పించి రాయడం లేదు, ఉన్నాడంటే ఉన్నాడు, అంతే.

గంట దాటాక సౌమ్య ఫోన్ చేసింది. "దొరికిండు అన్నా. ఊపిరున్నది. దవాఖానకు తీస్కపోతున్రు." అప్పుడు మంచం మీద కూర్చున్నాను.

తర్వాత తెలిసిన సంగతులు ఇవి. తోటలో ఉండే రెండోవాడు సెలవు మీద పోయాడు. గంగన్న పంపు చూడటానికి ఒక్కడే పోయి, ఎండకు కళ్లు తిరిగి నీళ్ల ట్యాంకు పక్కన పడిపోయాడు. అక్కడ పగలు ఒంటిగంట, ఇక్కడ మూడున్నర. కుడి పక్కకు ఒరిగి, ఎడమ పక్క ఎండకు ఉండేటట్టు పడి ఉన్నాడు. మేనమామ ఎత్తుకున్నప్పుడు నేల పెనం లెక్క కాలుతోందట, మనిషి ఒళ్లు మాత్రం చల్లగా ఉందట. ఎడమ చెంప మీద, చేతి మీద ఒక్క బొబ్బ కూడా లేదట. అంతసేపు ఎండలో పడి ఉన్నాడంటే అక్కడి డాక్టర్లు నమ్మలేదట. ఫోన్ మేనమామ దగ్గర ఉంది, బ్యాటరీ ఊడదీసి, దుకాణంవాడిచ్చిన కవర్లో.

మర్నాడు పొద్దున లత నా మొహం చూసి అద్దం తెచ్చి ఇచ్చింది. ఎడమ చెంప కమిలి ఉంది. ఎడమ చెయ్యి భుజం దాకా ఎర్రగా, ముట్టుకుంటే మంట. రెండో రోజుకు పొర లేచింది. కుడి పక్క ఏమీ లేదు. మా వీధి చివర డాక్టరు చూసి, "ఎండల ఏం పని చేసినవ్?" అని అడిగాడు. బయట వాన పడుతోంది.  మందు రాసిచ్చాడు.

ఆటలో పాత ఆటల జాబితా ఉంటుంది, ఎవరెవరు ఆడారో అందులో చూపిస్తుంది. ఆ మధ్యాహ్నం ఆటకు రెండే పేర్లున్నాయి. నాది, సౌమ్యది.

రెండు నెలలకు గంగన్న ఇంటికి వచ్చాడు. నేను జగిత్యాల దాకా పోయి అక్కడ బస్సు మారి రాయికల్ పోయాను. వారపు అంగడి రోజు, బస్టాండు దాకా జనం. ఆయనను నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. సన్నటి మనిషి, మాట కూడా సన్నం. ఆయన భార్య చేటలో బీడీలు చుడుతూ కూర్చుంది. నన్ను చూడగానే చేట పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుని, టీ పెట్టడానికి లోపలికి పోయింది. సౌమ్య ఒక పక్క నిలబడి ఉంది. ఆ బిళ్ల కోసం ఇంకో నెల కష్టపడి తెచ్చుకుంది, కానీ ఆ రోజు ఓడిన సంగతి నాతో ఎన్నడూ ఎత్తలేదు.

నేను అడగకుండా ఉండలేకపోయాను. ఆ రోజు ఏం గుర్తుందన్నా అన్నాను.

"ఎక్కువేం గుర్తు లేదు ఉస్తాద్," అన్నాడు గంగన్న. "ట్యాంకు కాడ నిలబడ్డ. కాళ్లు కాలుతున్నయ్. నీడకు పోదామంటే ఎవరన్న అచ్చేదాక కదలద్దంటివి గద నువ్వు. లైటు కొట్టిన. నువ్వచ్చినవ్. గప్పుడు పోయి చెట్ల నీడకు పండుకున్న. మంచిగ సల్లగుండె."

"నన్నెట్ల గుర్తుపట్టినవన్నా? ఎన్నడు చూడకపోతివి."

ఆయన నా ఎడమ చెయ్యి పట్టుకుని, తన ఎడమ చెయ్యి పక్కన పెట్టి చూశాడు. ముప్పై ఏళ్లు ఎండలో పనిచేసిన మనిషి చెయ్యి కంటే నీడలో సాంచాలు నడిపే నా చెయ్యే నల్లగా ఉంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.  

దీన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యం అనడానికి గంగన్న బతికే ఉన్నాడు, మొన్ననే పొలంలో నాట్లు వేయించాడు. కల అనడానికి నా చేతికి డాక్టరు మందు రాశాడు. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. లత నిమ్మకాయ కడితే ఇప్పటికీ తిడతాను, కాకపోతే తీసెయ్యను.

ఏడాది కావస్తోంది, ఎడమ చెయ్యి రంగు తిరగలేదు. మొన్న డ్యూటీలో పక్క వరుస కుర్రాడి లైటు రెండుసార్లు ఆరి వెలిగింది. నా చేతిలో తెగిన పోగు ఉంది. దాన్ని అట్లాగే వదిలేసి పోయి నిలబడ్డాను. వాడు పోయింది టీ తాగడానికే.