పడుగు మీద పారిన రంగు

నూలు ఎంత ముడిపడినా ఓపిగ్గా విడదీసేదని ఇంటిల్లిపాదీ ఆమెను చిక్కుపిల్ల అనేవారు. అమ్మ పక్కన మగ్గం దగ్గరే పెరిగింది. నిలువు పోగులు పడుగు, అడ్డంగా నేసేవి పేక. ఎర్ర పడుగులో నీలి పేక పడితే ఊదా రంగొకటి మెరుస్తుంది. అది ఏ దారంలోనూ లేదు, చూసే కంట్లోనే ఉంది. ఆ సంగతి కనిపెట్టిన రోజు సంబరంలో ఆమెకు అన్నం సహించలేదు.

పెళ్లయిన కొన్నేళ్లకు భుజం పట్టేసి మగ్గం దిగాల్సి వచ్చింది. చేతులు ఊరుకోక డ్రాయింగు మాస్టారి దగ్గర చేరింది.

"ముఖం వెయ్యమంటే గీతలు లాగుతావేంటమ్మా? మనిషేడీ ఇందులో?" అన్నారాయన.

సిగ్గుతో చితికిపోయింది. నేతపని ఛాయలు ఎక్కడా పడకుండా, పట్టుబట్టి పువ్వులూ పడవలూ వేసింది. ఒక్కదాంట్లోనూ జీవం లేదు.

దర్జీ అయిన భర్త ఒకరోజు కత్తెర పక్కన పెట్టాడు.

"ఆ పువ్వులు ఎవరివో అడిగి తెచ్చుకున్నట్టున్నాయి. నీ చేతికొచ్చింది నువ్వు వెయ్యి."

మర్నాడు పొద్దున్నే ముందుగదిలో గుడ్డ పరిచి, నిలువునా పలచటి రంగు పారించింది. ఆరాక అడ్డంగా ఇంకో రంగు. పొర మీద పొర. గీత తెగిన చోట దిద్దలేదు. తెగిన పోగును అతికినట్టు అక్కణ్నుంచే మరో రంగు అందుకుంది. సాయంత్రానికి ఒళ్లంతా రంగే, మొహం నిండా నవ్వే.

ఆ బొమ్మ తీసుకెళ్తే ఊళ్లోని చిత్రశాలవాళ్లు "బట్టల డిజైన్లు తీసుకోం" అని తిప్పి పంపారు. ఈసారి ఆమె చిన్నబుచ్చుకోలేదు. మరుసటి ఏడు చట్రానికి గుడ్డ బిగించి గోడంత బొమ్మ వేసింది. అది గుమ్మంలో పట్టక ముందుగది పెద్ద కిటికీ ఊడదీయాల్సి వచ్చింది.

"కట్టించింది నేనూ, కూల్చేది నువ్వూనా?" అని గొణుగుతూనే భర్త ఓ కొస పట్టుకున్నాడు.

అదే చిత్రశాల ఆ ఏడు పెట్టిన పోటీలో మొదటి బహుమతి దానికే వచ్చింది. చిత్రశాలలో ఎదురుగోడ మొత్తం దానికే ఇచ్చారు.

అమ్మ వచ్చి చాలాసేపు చూసింది.

"ఏమిటే ఇది?"

"దేని బొమ్మా కాదమ్మా. మనింట్లో మధ్యాహ్నం."

అమ్మ నాలుగడుగులు వెనక్కి వేసి తలూపింది. "ఔను. ఎండ ఇలాగే వచ్చేది."

తర్వాత ఆవిడ అక్కణ్నుంచి కదిలితే ఒట్టు. వచ్చినవాళ్లందరికీ "మా అమ్మాయే వేసింది" అని చెబుతూ నిలబడింది. కాపలాదారు జాలిపడి కుర్చీ తెచ్చాడు. కూర్చుని, అతనికీ చెప్పింది.