భూమి పూజకు పిలిచారు, పసుపు తవ్వించి వచ్చాను

నన్ను ప్రవచనానికి పిలిచేవాళ్లలో శాస్త్రం ఏం చెప్పిందో వినాలనుకునేవాళ్లు కొందరే. తాము ముందే నిర్ణయించుకున్నదానికి శాస్త్రం చేత తల ఊపించాలనుకునేవాళ్లే ఎక్కువ. మియాపూర్ బస్ డిపో వెనక సందులో నాది జాకెట్లు కుట్టే దుకాణం. ఏ పీఠమూ నాకు బిరుదు ఇవ్వలేదు, ఏ గురువూ నన్ను కూర్చోబెట్టి చదివించలేదు. మిషన్ పక్కన అట్ట ఊడిపోయిన గ్రంథం ఒకటి పెట్టుకుని, కాజాలు కుట్టే మధ్యలో శ్లోకం తర్వాత శ్లోకం నేర్చుకున్నాను. కాబట్టి ఎవరి ముఖమో చూసి నా మాట మార్చుకోవాల్సిన అవసరం నాకు లేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఉగాదికి ముందు వచ్చిన ఆదివారం గోపన్‌పల్లిలో జరిగింది చదివాక "ఈవిడకెందుకండీ ఇంత తెగింపు" అని మీలో ఎవరైనా అడగొచ్చు.

పిలుపు ఇలా వచ్చింది. గోపన్‌పల్లిలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయం ఉంది. కార్తీకంలో అక్కడ నేను మాట్లాడాను. ఆ సంఘం ప్రెసిడెంట్ గారే ఫోన్ చేశారు. "వసంత సేవా దినం అమ్మా. పొద్దున అందరూ తోటపని చేస్తారు. పది గంటలకు చిన్న భూమి పూజ. మీరు ఒక అరగంట మాట్లాడితే చాలు" అన్నారు. తోటపని, భూమి పూజ ఒకే రోజంటే పనిముట్లు పెట్టుకోవడానికి గదేదో కడుతున్నారనుకుని వెంటనే ఒప్పుకున్నాను. ఏం కడుతున్నారని ఒక్క మాట అడిగి ఉండాల్సింది, అడగలేదు. ఐటీ కంపెనీల మధ్య ఇలాంటి తోట బృందాలు ఉన్నాయని విని, తామూ ఒక ఆదివారం వెళ్లి పనిచేస్తామని నన్ను అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం దారీ ఖర్చూ కూడా రాస్తున్నాను.

ఎండ ముదరకముందే చేరాలి కాబట్టి తెల్లవారగానే బయలుదేరాను. మియాపూర్ చౌరస్తాలో లింగంపల్లికి షేర్ ఆటోలు ఆ వేళకే దొరుకుతాయి, ముప్పై రూపాయలు. అక్కడి నుంచి నల్లగండ్ల మీదుగా గోపన్‌పల్లికి ఆదివారం పొద్దున బస్సు కోసం నిలబడితే నిలబడినట్టే. వేరే ఆటో మాట్లాడుకోవడం మేలు. నేను అడిగిన ఆటో ఆయన రెండు వందలన్నాడు.

"నూట యాభై ఇస్తాను నాయనా, దారిలో నాలుగు మంచి మాటలు కూడా చెబుతాను" అన్నాను.

"మంచి మాటలు ఫోన్ల మస్తుగ వస్తున్నయమ్మా. నూట ఎనభై ఇయ్యి, మాటలొద్దు."

నూట ఎనభైకే ఎక్కాను. మాటలు చెప్పకుండా మాత్రం ఊరుకోలేదు. నల్లగండ్ల దాటాక యూనివర్సిటీ గోడ పొడవునా కానుగ చెట్లు లేత ఆకు తొడిగి, ఎండ తగిలిన చోటల్లా మెరుస్తున్నాయి. దూరంగా కోకాపేట టవర్లు పొద్దుటి మసకలో సగం మునిగి కనిపించాయి. "ఆ ఎత్తు నుంచి చూస్తే భూదేవి కనిపిస్తుందంటావా?" అని అడిగితే, ఆటో ఆయన వెనక్కి తిరగకుండానే, "కనవడ్తదమ్మా. గజానికి ఎంత పలుకుతదో గూడ కనవడ్తది" అన్నాడు. అంతకన్నా మంచి ప్రవచనం ఆరోజు నేను కూడా చెప్పలేదు.

ఆ సముదాయంలో చివరి బ్లాకు వెనక తోట ఉంది. ఇళ్లు కట్టగా మిగిలిన కంకర, పెంకులు పోసిన మూల అది. సరోజ గారు అనే ఆవిడ మరికొందరితో కలిసి మూడేళ్లుగా దాన్ని బాగుచేసి మడులు కట్టారు. ఆవిడది భీమవరం వైపు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. గేటు దగ్గరికే వచ్చి, "రండమ్మా, టీ తాగి మొదలుపెడదామండి" అన్నారు. అన్నారు కానీ ఆవిడ ముఖంలో పండగ లేదు. బయటివాళ్లు కూడా గేటులో పేరు రాయించుకుని వచ్చి పనిచేయవచ్చు, రుసుమేమీ లేదు. వసంతంలో పని ఇలా ఉంటుంది: చలికాలం ఆకుకూరల మడులు ఎత్తేయాలి, మట్టిని తిరగేసి ఎరువు కలపాలి, ముందు రోజు రాత్రి నానబెట్టిన బెండ, గోరుచిక్కుడు గింజలు నాటాలి, వాటి చుట్టూ ఎండుటాకులు మందంగా పరవాలి. ఆ ఆకులు లేకపోతే ఏప్రిల్ ఎండకు తడి నిలవదు.

ఈ పనులన్నిటికీ సేనాధిపతి నర్సమ్మ. అరవై దాటిన మనిషి. ఈ సముదాయం ఉన్న నేలలో కొంత ఒకప్పుడు వాళ్ల జొన్న చేను. బిల్డరుకు భూమి ఇచ్చి వాటాగా ఫ్లాట్లు తీసుకున్న కుటుంబం. అందుకని ఆవిడ ఎవరినీ లెక్కచేయదు. గడ్డి పీకుతున్న ఒక కుర్ర ఇంజినీరును చూసి, "ఓ సారూ, గడ్డి ఇడిసిపెట్టి మిరప నారు పీకుతున్నవ్. జర కండ్లద్దాలు తుడుసుకో" అంది. "ఆంటీ, రెండూ పచ్చగానే ఉన్నాయి కదా" అన్నాడతను. "నీ జీతం, నా పింఛను గూడ రెండూ పైసలే" అంది. అందరం నవ్వాం.

నేను కొంగు దోపుకుని ఎండుటాకులు మోస్తుండగా నర్సమ్మ నా దారికి అడ్డంగా నిలబడింది.

"ఏందమ్మా, మాతోని నవ్వుకుంట పని చేస్తున్నవ్. పూజ చెయ్యనీకి వచ్చినవా, మా తోట పాడె మొయ్యనీకి వచ్చినవా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ చెయ్యెత్తి ఈశాన్యం మూల చూపించింది. అక్కడ చిన్న షామియానా, కింద ఎర్ర కార్పెట్, నాలుగు పూల కుండీలు.

"పికిల్‌బాల్ కోర్టు కడ్తరట, గదే, చెక్క బ్యాట్లతోని ఆడే బంతాట. ఇయ్యాల పూజ, రేపు జేసీబీ. తోట మొత్తం పోతది."

సరోజ గారు చేతిలో గింజల గిన్నెతో వచ్చి నిలబడ్డారు. "సంఘం మీటింగులో ఓటు వేసేశారండి. చలికాలం కూరలు అయిపోయాయి, మడులన్నీ ఖాళీయే కదా, ఇప్పుడైతే ఎవరికీ నష్టం లేదన్నారు. ఇదిగో ఈ మూల ఫోటోయే తీసి చూపించారు. ఎండిపోయిన ఆకులు తప్ప ఏమీ లేవన్నారు."

"ఎండిన ఆకు జూసి ఖాళీ అన్నరు!" నర్సమ్మ గొంతు లేచింది. "అది పసుపమ్మా! పోయినేడు వానలు పడంగనే నా చేతులతోని పెట్టిన. ఆకు ఎండినంకనే తవ్వాలె, ముందుగాల తవ్వితే పచ్చిగుంటది. ఇయ్యాల తవ్వుదామనుకున్న. పొద్దుగాల వచ్చి చూస్తే దాని మీదనే కార్పెట్ పర్సిన్రు. ప్రెసిడెంటు సారుకు చెప్తే, ‘పసుపు సూపర్‌మార్కెట్ల దొరుకుతది గదా నర్సమ్మా’ అన్నరు."

జరిగిందేమిటో తెలిసింది. వాస్తు ప్రకారం పూజకు ఈశాన్యం మూల ఎంచుకున్నారు. ఆ మూలలోనే, కంటికి ఏమీ లేనట్టున్న మట్టి కింద, తోటలోకెల్లా పెద్ద పంట ఉంది. నేనేమో ఆ పూజను దీవించడానికి మాటిచ్చి వచ్చాను. తిరిగి వెళ్లిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది. వెళ్లిపోతే నా చేతికి మట్టి అంటదు, తోట మాత్రం రేపటికి ఉండదు. పైగా మాటిచ్చాను. అరగంట మాట్లాడమన్నారు, మాట్లాడతాను. ఏం మాట్లాడాలో వాళ్లు చెప్పలేదు కదా!

పది గంటలకు షామియానా నిండింది. ప్రెసిడెంట్ గారు పట్టుపంచెలో, ఆయన భార్య పట్టుచీరలో పీటల మీద కూర్చున్నారు. చెడ్డ మనిషి కాదాయన. పిల్లలకు ఆడుకునే చోటు కావాలన్న మాటలో తప్పు లేదు, ఎంచుకున్న చోటే తప్పు. పురోహితుడు పసుపు పొడి ప్యాకెట్టు చింపి గణపతిని చేశారు. తర్వాత మైకు నా చేతికిచ్చారు. నేను సంచిలోంచి గ్రంథం తీసి ఒళ్లో పెట్టుకున్నాను. తెరవలేదు.

"అమ్మల్లారా, అయ్యల్లారా! భూమి పూజ అంటే ఏమిటి? తవ్వుకోవడానికి లైసెన్సు అనుకుంటున్నారా? కాదు! అనుమతి అడగడం. ఈ నేల మీద, ఈ నేల కింద ఏయే ప్రాణులున్నాయో వాటికి దండం పెట్టి, మిమ్మల్ని కదిలిస్తున్నాం, మన్నించి మరో చోటికి వెళ్లండని వేడుకోవడం. అడిగామంటే జవాబు వినాలి. వద్దంటే ఆగాలి. ఆగే ఉద్దేశం లేనివాడు అడగడమెందుకు? పురాణంలో ఒక మహారాజు ఉన్నాడు. భూమి పంట ఇవ్వడం లేదని విల్లు ఎక్కుపెట్టి వెంటపడ్డాడు. భూదేవి ఆవు రూపంలో పరుగెత్తి పరుగెత్తి, చివరికి ఆగి ఏమంది? నన్ను చంపితే నీ ప్రజలు ఎక్కడ నిలబడతారయ్యా? దూడను తెచ్చుకో, పాత్ర తెచ్చుకో, అప్పుడు పాలిస్తానంది. మూడేళ్ల నుంచి ఇక్కడ దూడను తెచ్చినవాళ్లున్నారు. పాత్ర తెచ్చినవాళ్లున్నారు. వాళ్లను అడిగారా?"

ప్రెసిడెంట్ గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మిమ్మల్ని ఆశీర్వదించమని పిలిచాం."

"ఆశీర్వదిస్తాను. శాస్త్రప్రకారం చేయండి, తప్పకుండా ఆశీర్వదిస్తాను. కర్త గునపం పట్టి మూడుసార్లు తాకించి ఫోటోకు నవ్వడం కాదు. తన చేతులతో మూరెడు లోతు తవ్వాలి. ఏమంటారు పంతులు గారూ?"

పురోహితుడు నెమ్మదైన మనిషి. "తవ్వాలండి, నిజమే. ఈమధ్య ఎవరూ తవ్వడం లేదు" అన్నారు.

ఇంతమంది ముందు కాదనలేక ప్రెసిడెంట్ గారు లేచారు. కార్పెట్ మడిచారు. "నెత్తి మీద కొట్టినట్టు కాదు సారూ, పక్కనుంచి దించి పైకి లేపు" అని నర్సమ్మ గుంపులోంచి చెప్పింది. ఆయన దించి లేపారు. మట్టి పెళ్ల విచ్చుకుంది. దాంతోపాటు వేళ్లంత లావు కొమ్ములతో ఒక గుత్తి పైకి వచ్చింది. గునపం మొన తగిలి విరిగిన కొమ్ములోంచి నారింజ రంగు బయటపడింది. పచ్చి పసుపు వాసన షామియానా అంతా కమ్ముకుంది.

"ఏవండీ, పసుపండీ ఇది!" అని ముందు అన్నది ఆయన భార్యే. వంగి, మట్టి దులిపి, గుత్తిని రెండు చేతులతో ఎత్తుకుని కళ్లకద్దుకున్నారు. ప్యాకెట్టు పసుపుతో చేసిన గణపతి పక్కనే పెట్టారు.

ప్రెసిడెంట్ గారు నా వైపు తిరిగారు. ముఖం ఎర్రగా ఉంది. "ఇది ఇక్కడుందని మీకు ముందే తెలుసు."

"తెలుసు. మీకూ చెప్పారు. నేను విన్నాను, మీరు వినలేదు."

"ఒక దుంప దొరికిందని మీటింగు నిర్ణయం మారిపోతుందా?"

"మీటింగు మీది. నేల మాత్రం మీ మీటింగుకు రాలేదయ్యా! ఇప్పుడు వచ్చింది, మాట్లాడింది. పంట కడుపులో ఉన్న తల్లి మీద సిమెంటు పోయండని నేను దీవించను. ఇంకెవరినైనా పిలుచుకోండి. నా ఒళ్లో ఉన్న ఈ గ్రంథం మీద చెయ్యేసి మాత్రం ఎవరూ ఆ మాట అనలేరు!"

పురోహితుడు కలశం పక్కకు జరిపారు. "పంట నేలలో ఉండగా నేను ముందుకు వెళ్లలేనండి. ముందు పంట ఎత్తాలి" అన్నారు. ఆయన అన్నది అంతే. ప్రెసిడెంట్ గారి భార్య అప్పటికే పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకున్నారు. "నర్సమ్మా, ఎక్కడి నుంచి తవ్వాలి?" అని అడిగారు. ఆ తర్వాత ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. అంతవరకు తోటకే రానివాళ్లు కూడా చెప్పులు విప్పి మడిలోకి దిగారు. పసుపు ఎత్తిన ప్రతి చాలులోనూ సరోజ గారు వెనకే వంగి నానబెట్టిన బెండ గింజలు వేస్తూ వెళ్లారు. ఆవిడ ముఖంలోకి పండగ అప్పుడొచ్చింది. ఆ నాటడం ప్రెసిడెంట్ గారు గమనించేసరికి ఆలస్యమైంది.

"ఇదేంటి సరోజ గారూ, మళ్లీ నాటుతున్నారు? ఈ పంట ఎత్తేదాకా ఆగమనే కదా పంతులు గారన్నది!"

"మడి ఖాళీగా ఉంటే మీకు ఫోటోలో బాగుండడం లేదు కదండీ" అన్నారావిడ, తల ఎత్తకుండానే.

నర్సమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "పంట అయిపోయినంక రా సారూ. బెండ అయినంక చిక్కుడు పెడ్త, చిక్కుడు అయినంక మల్ల పసుపు పెడ్త. ఎప్పుడు అయిపోతదో చూద్దం."

ఆయన చేతికంటిన మట్టి దులుపుకున్నారు. తర్వాత పక్కకు వెళ్లి, జేసీబీ రేపు వద్దని ఫోన్‌లో చెప్పడం విన్నాను. మళ్లీ మీటింగు పెడతారట. పెట్టనివ్వండి. ఈసారి తోటవాళ్లు మాత్రమే కాదు, ఆ పట్టుచీర ఆవిడ కూడా చేతి గోళ్లలో పసుపుతో కూర్చుంటారు.

మధ్యాహ్నం భోజనం తోటవాళ్లే పెట్టారు, పులిహోర, మజ్జిగ. తిరుగు ప్రయాణంలో సరోజ గారు లింగంపల్లి దాకా కారులో దింపారు కాబట్టి ఖర్చు షేర్ ఆటో ముప్పై రూపాయలే. నర్సమ్మ నా వాటా అని నాలుగు పసుపు కొమ్ములు సంచిలో పడేసింది. ఇంటికొచ్చి చూస్తే గ్రంథం అంచులన్నీ పచ్చబడ్డాయి. తుడవలేదు. రోజూ పొద్దున మంచం దిగే ముందు, నీ మీద కాలు పెడుతున్నాను తల్లీ, మన్నించు అని భూదేవిని అడగమని మన పెద్దలు నేర్పారు. చిన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను, నోటితో అడిగి కాలు పెట్టేస్తూనే ఉన్నాను. ఆ ఆదివారం తర్వాత అడిగి ఒక్క క్షణం ఆగుతున్నాను. ఆ ప్రెసిడెంట్ గారు నన్ను మళ్లీ ప్రవచనానికి పిలవరు. పిలవకపోయినా వెళ్తాను, గింజలు నాటడానికి ప్రవచనం అక్కర్లేదు. మీరూ రండి. ఆ మూల ఖాళీగా కనిపించని ప్రతి ఆదివారమూ తోటకు ఇంకో వారం ఆయుష్షు.

వచ్చేవాళ్లకు ఒక్క సలహా. టోపీ, నీళ్ల సీసా మీరెలాగూ తెచ్చుకుంటారు. తోటలో ఎక్కడైనా ఆకులు ఎండిపోయిన మడి కనిపిస్తే, ఖాళీ అనుకుని తొక్కుకుంటూ నడవకండి. దాన్ని ఎవరు పెట్టారో కనుక్కుని, కింద ఏముందో అడిగి, అప్పుడు కాలు పెట్టండి.