అయ్యగారు తినని రొట్టె

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో నేను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు టీచరుగా వెళ్లాను. అక్కడి చర్చిలో పాస్టరు అయ్యగారు, యేసు శరీరానికి గుర్తుగా పంచే సంస్కారపు రొట్టె ఇచ్చేటప్పుడు ఎవరినీ తొందరపెట్టేవారు కాదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, "నీ కోసం విరవబడిన శరీరం" అని చేతిలో పెట్టేవారు.

పొలం గట్టు తగాదాలో అయ్యగారి తమ్ముణ్ణి నరికి చంపి జైలుకు పోయిన మనిషి, శిక్ష ముగిశాక ఒక ఆదివారం చర్చికి వచ్చాడు. నేరుగా ముందుకు నడిచి, తువ్వాలలో చుట్టి తెచ్చిన కొడవలిని అయ్యగారి పాదాల దగ్గర పెట్టి మోకరించాడు.

"జైల్లో ఉన్నా పాపం పోలేదయ్యా. నన్ను నరుకు. అప్పుడన్నా పోతాదేమో."

మగవాళ్లు లేచి నిలబడ్డారు. ముందు వరసలో ఉన్న అయ్యగారి తల్లి కొడవలినే చూస్తోంది. అయ్యగారు వంగి దాన్ని తీసుకున్నారు. ఆయన చాలాసేపు దాన్ని పట్టుకునే ఉండి, చివరికి కిటికీలోంచి బయటికి విసిరేశారు.

"నీ రక్తంతో నీ పాపం పోదప్పా. పోయాల్సినాయన ఎప్పుడో సిలువ మీద పోసినాడు," అన్నారు. అతన్నీ పేరు పెట్టి పిలిచి రొట్టె ఇచ్చారు.

అందరికీ ఇచ్చాక చివర్లో ఆయన తీసుకోవాలి. ఆ రోజు తీసుకోలేదు. ఎందుకని తర్వాత అడిగాను.

"దేవుడు ఆయప్పను క్షమించినాడమ్మా. నేనింకా క్షమించలేదు. మనసులో పగ పెట్టుకోని ఈ రొట్టె తినకూడదు. కొడవలి పట్టుకున్నప్పుడు నా చెయ్యి వణకలేదు. రొట్టె ఇచ్చేటప్పుడే వణికింది."

నేను బదిలీ అయి వచ్చేదాకా ఆ మనిషి ప్రతి ఆదివారం రొట్టె తిన్నాడు. అయ్యగారు తినడం నేను చూడలేదు.