గ్లెన్నాకి నేను రాసిన మెచ్చుకోలు ఉత్తరం

గ్లెన్నా గురించి ఎవరైనా ఒక మంచి మాట అంటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు దాచుకోవడానికేం లేదు కాబట్టి చెబుతున్నాను. తూర్పు కెంటకీ కొండల్లో మాది మూడంటే మూడు బళ్ళున్న స్కూలు డిస్ట్రిక్టు. అందులో ఎవరి నోట విన్నా గ్లెన్నా, గ్లెన్నా. అబ్బ, విని విని నా చెవులు తూట్లు పడ్డాయి!

మేమిద్దరం ఒకే క్లాసులో చదివాం. చదివాం అంటే, నేను చదివాను. తను కిటికీలోంచి ట్రాక్టర్లు చూసేది. నేను రెండు డిగ్రీలు తెచ్చుకుని అదే హైస్కూలుకు లైబ్రేరియన్‌గా వచ్చాను. తను స్కూలు బస్సు డ్రైవరైంది. మరి పిల్లలు ఎవరి చుట్టూ తిరగాలి? న్యాయంగా అయితే నా చుట్టూ కదా!

గ్లెన్నాది పొద్దుటి ట్రిప్పు ఒక్కటే. సాయంత్రం బడి వదిలాక బస్సు షెడ్డులో పిల్లల్ని పోగేసుకుని, ఊళ్ళోవాళ్ళు పారేసిన గడ్డి కోసే మిషన్లూ, చెట్లు కోసే మోటారు రంపాలూ విప్పించి మళ్ళీ బిగించేది. పనిముట్లు తనవే. మధ్యలో ఆకలంటారని మొక్కజొన్న రొట్టె, ఉడికించిన బీన్సు ఇంటినుంచే తెచ్చేది. బడి బస్సులన్నీ మూడున్నరకే వెళ్ళిపోతాయి. అందుకని తన పాత వ్యానులో వాగుల వెంట తిరిగి ఒక్కొక్కరినీ గుమ్మం ముందు దింపేది. ఆ వ్యాను దగ్గే దగ్గు రెండు కొండల అవతలికి వినిపించేది.

నా పుస్తకాల క్లబ్బుకు నలుగురొచ్చేవారు. అందులో తబిత అనే పిల్ల ఒక్కతే నిజంగా చదివేది. ఒక సోమవారం అదీ రాలేదు, షెడ్డుకెళ్ళిందట. మర్నాడు వరండాలో పట్టుకుని అడిగాను.

"ఏమ్మా, ఆ షెడ్డులో అంత ఏముందని?"

"అక్కడ మురికి చేతులతో ముట్టుకున్నా ఎవరూ తిట్టరు, మిస్ రీవా."

ఎంత మాటంది! పుస్తకాలు శుభ్రంగా పట్టుకోమనడం కూడా తిట్టేనా? ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

ఆ చలికాలంలోనే లెక్సింగ్టన్‌లోని ఒక ట్రస్టు పిల్లల కార్యక్రమాలకు పోటీ గ్రాంటు ప్రకటించింది. దరఖాస్తులకు మార్కులు వేసి, గెలిచినవాళ్ళకు మూడేళ్ళపాటు ఖర్చు ఇస్తారు. నేను ఆరువారాలు కూర్చుని, కొండల్లోకి పుస్తకాల బండి నడపాలని ఒక దరఖాస్తు రాసుకున్నాను. మా సూపరింటెండెంటు బ్లాంటన్ గారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి పక్కన పెట్టారు.

"ఒక డిస్ట్రిక్టు నుంచి ఒక్కటే తీసుకుంటారు, రీవా గారూ. ఈసారి గ్లెన్నాది పంపుదాం. పాపం ఆవిడ వ్యాను ఇంక ఎన్నాళ్ళో నడవదు. గ్రాంటొస్తే సాయంత్రం అయిదున్నరకు ఒక బస్సు వేయొచ్చు. రాకపోతే వాగవతలి పిల్లలు బడి వదిలాక ఆగడం కుదరదు."

"అలాగే సార్" అన్నాను. లోపల మాత్రం భగ్గుమంది.

ఆయనే ఇంకో మాట చెప్పారు. "గుర్తుంచుకోండి, కొత్త కార్యక్రమాలకే ఇస్తారు. షెడ్డు పనికి 'యంత్రాల బడి' అని కొత్త పేరు పెట్టాను. పాత సంగతులు ఎవరూ ఎత్తకండి." పాత పనికి కొత్త పేరు పెట్టడం మా ఆఫీసుకు కొత్తేమీ కాదు.

దరఖాస్తుతోపాటు బడిలో ఒకరు మెచ్చుకుంటూ ఉత్తరం రాయాలి. దానికి గ్లెన్నా ఎవరి దగ్గరికొచ్చిందనుకున్నారు? నా దగ్గరికే! చేతులకు నూనె మరకలతో లైబ్రరీ గుమ్మంలోనే నిలబడింది.

"ఏమే రీవా, నా గురించి రెండు ముక్కలు రాసిపెట్టవే. నాకు కాగితం చూస్తేనే చెమటలు పడతాయి."

"ఏం రాయమంటావ్?"

"ఉన్నదే రాయి. నువ్వు రాశాక ఇంక తిరుగేముంది?"

ఉన్నదే రాశాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. 'పద్నాలుగేళ్ళుగా ఆమె ఈ పని చేస్తోంది' అని మొదలుపెట్టాను. పద్నాలుగేళ్ళుగా ఏ సాయంత్రమూ షెడ్డు తలుపు మూయలేదని రాశాను. పద్నాలుగేళ్ళుగా ఎవరినీ పైసా అడగలేదని రాశాను. ఒక్క అబద్ధం లేదు. ఆ 'పద్నాలుగేళ్ళు' ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. పొగిడి చంపడమంటే అదే. బ్లాంటన్ గారు, "మీరు రాశాక నేను చూసేదేముందండీ" అంటూ చదవకుండానే పంపేశారు.

ఏప్రిల్‌లో మార్కుల కాగితం వచ్చింది. మూడు మార్కుల తేడాతో గ్రాంటు పోయింది. 'కొత్తదనం' అన్న చోట ఇరవైకి ఎనిమిదే వేసి, పక్కన రాశారు: 'లైబ్రేరియన్ ఉత్తరం ప్రకారం ఇది పద్నాలుగేళ్ళనాటి కార్యక్రమం.'

బ్లాంటన్ గారు ఆ కాగితాన్ని టేబులు మీద కొట్టారు. "ఇంత చదువుకున్నారు, ఇంగితం ఉండక్కర్లేదా అండీ? చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

నేను తేలు కుట్టిన దొంగలా ఆ కాగితం మడతపెడుతూ నిలబడ్డాను. పక్కనే ఉన్న గ్లెన్నా అడ్డొచ్చింది.

"దాన్నేమీ అనకండి సార్. ఉన్నదే రాయమని నేనే చెప్పాను. అబద్ధమాడి తెచ్చిన బస్సులో పిల్లల్ని ఎలా ఎక్కిస్తాను?"

నన్ను తిట్టినా బాగుండేది. నా తరఫున మాట్లాడటానికి ఈవిడెవరు అని అప్పుడు కూడా కడుపు మండింది. ఏం చెప్పను, అంత పాడు బుద్ధి నాది.

బళ్ళు తెరిచిన నెలకే వ్యాను వాగు మలుపులో ఆగిపోయింది, మళ్ళీ లేవలేదు. తొమ్మిదిమంది పిల్లలు షెడ్డు మానేశారు. తబిత ఇల్లు కూడా వాగవతలే. మూడున్నరకు అది బస్సు వైపు నడుస్తుంటే లైబ్రరీ కిటికీలోంచి చూశాను. నా వైపు తల తిప్పలేదు. సంతోషం కలుగుతుందేమోనని కాసేపు ఎదురుచూశాను. కలగలేదు.

ఆ వారమే మొదటిసారి షెడ్డుకెళ్ళాను. ఊళ్ళో ఉండే ముగ్గురే మిగిలారు. గోడమీద పానాలు వరసగా తగిలించి ఉన్నాయి. వాటి మధ్య నా ఉత్తరం నకలు, అద్దం వేయించి మరీ, వేలాడుతోంది. అద్దం మీద నూనె వేలిముద్ర ఒకటి, సరిగ్గా 'పద్నాలుగేళ్ళుగా' అన్న మాట మీద.

"ఇదేంటే, దీన్నెందుకు పెట్టుకున్నావ్? నీ బస్సు పోగొట్టింది ఇదేగా!"

గ్లెన్నా చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది.

"అది చదివేదాకా ఎన్నేళ్ళయిందో నాకే తెలీదే రీవా. మా ఆయన్నడిగితే, ఏడో ఎనిమిదో అన్నాడు. ఇన్నాళ్ళూ నన్నెవరూ లెక్కపెట్టలేదే. నువ్వొక్కదానివే లెక్కపెట్టావు."

అవును, లెక్కపెట్టాను. ఒక్కో ఏడూ ముల్లులా గుచ్చుకునేది, అందుకే లెక్క తప్పలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తను నా చేతిలో రొట్టెముక్క పెట్టి తినమంది. ఇంజను నూనె వాసన కొడుతున్నా తినేశాను.