ఖాజా పరిచిన కిత్తనార

దయ్యాలంటే నాకు మొదటి నుంచి చులకనే. బొందలగడ్డ పక్కన ఇల్లు కిరాయికి తీసుకొని, గాలి బాగొస్తదని చుట్టాలను పిలిచి మరీ పండవెట్టినోన్ని. ఇప్పటికీ నమ్మను. అయినా ఇది జరిగింది. నవ్వేటోళ్లు నవ్వుకోండి.

తొంభైలల్ల షాద్‌నగర్ దగ్గర తలుపు పలకలు చేసే ఫ్యాక్టరీల నాది సరుకు పరీక్షించే గది. తాళ్లు పేనే కిత్తనార, గాజు పోగుల గ్లాస్ ఫైబర్ కలిపి పరిచి, జిగురు లాంటి రెజిన్ పోసి, ప్రెస్సుల అదిమితే పలక తయారు. నార పరిచేది ఖాజా. కొత్త పెండ్లికొడుక్కు పక్క వేసినట్టు పరిచేటోడు, ఒక్క పోగు వంకర పోకుండ.

ఒక ఎండకాలం పలకలు అప్పడాల లెక్క పగిలినయి. మేనేజర్ ఖాజా మీద పడ్డడు.

"కిత్తనార ఎగ్గొట్టి, ఉత్త గ్లాస్ ఫైబర్ మీదనే రెజిన్ పోసిండు. మైక్రోస్కోపుల చూసి రాసియ్యి, రేపటి నుంచి వాన్ని గేటు దాటనియ్య."

చీమ కంట్లో నలుసు పడ్డా పట్టిచ్చే మైక్రోస్కోపు మాది. పలకను నా చేతులతోనే విరగ్గొట్టి, రెండు ముక్కలూ దాని కింద పెట్టిన. ఇంకొకరు ముట్టలె.

విరిగిన చోటు ఎప్పుడైనా కోసిన జొన్నచేను తీరుగ ఉంటది. తెగిన నార కొయ్యకాళ్ల లెక్క నిలబడ్తది. తెగకుండ ఊడొస్తే ఒక ముక్కల బొక్క, ఎదురు ముక్కల పోగు. ఇంకో దారి లేదు.

మొదటి ముక్కల గ్లాస్ ఫైబర్ ఎక్కడిదక్కడే ఉన్నది. కిత్తనార ఉండాల్సిన జాగల అన్నీ బొక్కలు. సరే, పోగులు రెండో ముక్కల ఉంటయనుకున్న. అండ్ల గూడ బొక్కలే, మూతికి మూతి. బొక్కల గోడలకు నార గీతలు అచ్చు పడి ఉన్నయి. అంటే ఖాజా నార పెట్టిండు. మరి ఏది? బల్ల కింద వెతికిన, జేబులు దులిపిన, ఆఖరికి మీసాలు గూడ దువ్వి చూసిన.

మేనేజర్ వచ్చి మైక్రోస్కోపుకు కన్ను పెట్టి, చానాసేపు తియ్యలె.

"ఏమని రాస్తవు?"

"నార పెట్టిండు. నార లేదు."

"ఇగ దయ్యం ఎత్కపోయిందని రాయి."

"మీరు దస్కతు పెడ్తనంటే రాస్త సార్."

ఖాజాను పిలిపించి, నిజం చెప్పమన్నడు.

"పెట్టిన సాబ్," అన్నడు ఖాజా, గోళ్ల రెజిన్ గీక్కుంట. "తీసినోన్ని గూడ పిలిపియ్యుండ్రి, ఇద్దర్ని కలిపి అడుగుండ్రి."

ఖాజా నౌకరీ పోలె. నా రిపోర్టును ఎవ్వరూ కాదనలేకపోయిండ్రు.

ప్రెస్సు వేడికి నార కాలిందన్నరు కొందరు. కాలితే జర బూడిదన్న ఉండొద్దా? నాకైతే ఇప్పటికీ తెల్వదు. తెల్వదని ఒప్పుకుంట, దయ్యమంటే ఒప్పుకోను. ఖాజా నార పెట్టలేదంటే అసలే ఒప్పుకోను.