మామిడికాయల చప్పుడు

ఆ రోజుల్లో తెలివితక్కువతనానికి కూడా తీరిక ఉండేది. ఇప్పటివాళ్ళు చటుక్కున తప్పు చేసి చటుక్కున దిద్దుకుంటారు. మేమైతే ఒక తప్పు చేసి, దాన్ని గడ్డిలో పెట్టి, తలుపు మూసి, నిదానంగా మాగనిచ్చేవాళ్ళం. నా సంగతే చెబుతాను. మామిడికాయ మాగేటప్పుడు చప్పుడు చేస్తుందని ఒక వేసవిలో నేను నమ్మాను. నమ్మి ఊరుకున్నా బాగుండేది, నలుగురికీ చెప్పాను. చంటిబిడ్డకి కూడా చిన్న రసానికీ పెద్ద రసానికీ తేడా తెలిసిన నూజివీడు ప్రాంతంలో, ముసునూరు దారిలో తోటలున్న ఇంటి కొడుకుని, ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, ఒక ఆడపిల్ల తండ్రిని అయి ఉండీ ఈ మాట అన్నాను. (నవ్వుకోండి. నేను కాస్త ఆగుతాను.)

ఆ ఏడే మా నాన్న మాగుడు గది తాళంచెవి మొదటిసారిగా నా చేతికిచ్చాడు. వరిగడ్డి ఒక వరస, కాయలు ఒక వరస పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి, తలుపు మూసేసే గది అది. తాళంచెవి ఉన్నవాడు తప్ప ఇంకొకరు అడుగుపెట్టకూడదు. అతనైనా అదను వచ్చేదాకా తలుపు తియ్యకూడదు. తీసిననాడు మొదటి పండుని కళ్ళు మూసుకుని, చేత్తోనే ఎంచాలి. "కన్ను రంగు చూసి మోసపోద్దిరా. అరచెయ్యి మోసపోదు. నొక్కకు, ఊరికే పట్టుకుని చూడు" అనేవాడు నాన్న. ఆ మొదటి గంప బాపులపాడులో మా చెల్లెలి అత్తవారింటికి వెళ్ళాలి. అది వెళ్ళేదాకా ఇంట్లో ఎవరూ పండు ముట్టకూడదు. "తేడా వచ్చిందా, తాళంచెవి మళ్ళీ నా మొలతాడుకే" అన్నాడు. మొలతాడు సంగతి అటుంచి, గంప చెడితే అక్కడ చెల్లెలి ముఖం చిన్నబోతుంది. నాకు నిద్ర పట్టేది కాదు.

కాయలు మాగవేసిన రోజే సాయంత్రం గాలివాన వచ్చింది. రాలిన కాయలు ఏరడానికి తోటకెళ్ళిన మా ఆవిడా, నాలుగేళ్ళ మా చిన్నదీ తిరిగొచ్చారు. చిన్నదాని పావడా నిండా పచ్చికాయలు. వాటి మధ్య తడిసి ముద్దయిన బూడిదరంగు పిల్లికూన ఒకటి. విరిగిపడ్డ కొమ్మ కింద దొరికిందట. తల్లి జాడ లేదట.

"ఇంట్లో పిల్లేంటి? తియ్ బయటికి! రోజూ తోటకి బయల్దేరేవాణ్ణి, ఎదురొస్తే నా గతేంటి?" అన్నాను.

"అది కళ్ళే తెరవలేదండీ, మీకెదురెలా వస్తుంది?" అంది మా ఆవిడ.

జవాబు లేని ప్రశ్నలకి మగవాడికి ఒకటే జవాబు. గొంతు పెంచాను. తెల్లారేసరికి అది ఎక్కడ దొరికిందో అక్కడే ఉండాలని తీర్పు చెప్పాను. చిన్నది ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. మా ఆవిడ "అలాగేనండీ" అంది. పెళ్ళయిన ఐదేళ్ళలో ఆవిడ ఒక్క మాటకే అలాగే అనడం అదే మొదలు. అనుమానించాల్సింది. నా ప్రతాపానికి నేనే మురిసిపోయి పడుకున్నాను.

మర్నాడు కూన కనపడలేదు. ఆ సాయంత్రమే మాగుడు గది తలుపుకి చెవి ఆనించి విన్నాను. లోపల ఏదో సన్నటి చప్పుడు. 'కుయ్' అన్నట్టు, ఆగి మళ్ళీ 'కుయ్' అన్నట్టు. చెవి ఇంకా గట్టిగా ఆనించాను. ఎన్ని తరాలుగా మాగవేస్తున్నారో మావాళ్ళు, ఒక్కరైనా ఇది విన్నారా? పుల్లన తియ్యనయ్యే ఘడియలో కాయ ఆ మాత్రం మూలగదా? పరుగెత్తి నాన్నతో చెప్పాను. "కాయలు మాగుతున్న చప్పుడు వినపడుతోంది నాన్నా!"

నాన్న పాలగ్లాసు పక్కన పెట్టి నావంక చూశాడు. గ్లాసులో సగం పాలు అలాగే ఉన్నాయి. "ఊఁ" అన్నాడు. అప్పటినుంచీ రోజూ సాయంత్రం, "ఏరా, ఇంకా వినపడతందా?" అని అడిగేవాడు. వినపడుతోందంటే తల పంకించేవాడు. నా విద్య మీద నాన్నకి ఇంత గురి ఏర్పడిందా అని నాలో నేనే పొంగిపోయాను. (రోజూ ఆ గ్లాసులో సగం పాలు ఎందుకు మిగులుతున్నాయో మాత్రం అడగాలని తోచలేదు. చెవి పనిచేస్తున్నప్పుడు నాకు బుర్ర పనిచెయ్యదు.)

గంప ఇచ్చే రోజు రానే వచ్చింది. గొడుగు ఊపుకుంటూ బాపులపాడు బస్సు దిగారు మావయ్యగారు, అంటే మా చెల్లెలి మామగారు. మనిషిలో అన్ని రసాలూ ఉన్నాయి, నీరసం ఒక్కటే లేదు. పదిమందిలో ఒకణ్ణి ఎంచుకుని, ఆ పూటంతా వాడిమీదే హాస్యాలాడటం ఆయనకి వినోదం. "ఏం అబ్బాయ్, కాయలు మాట్లాడతన్నాయంటగా? మమ్మల్నేమైనా అడిగినియ్యా?" అన్నారు వస్తూనే. కబురు అప్పటికే బాపులపాడు చేరిందన్నమాట.

తాళం తీశాను. తలుపు తెరవగానే ఆ వాసన ఎదురొచ్చి నిలబడింది. దాన్ని వర్ణించను. ఆ వాసన తెలిసినవాళ్ళకి అక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా చాలదు. అందరూ గుమ్మం దగ్గర ఆగారు. చిన్నది మాత్రం వాళ్ళమ్మ చెంగు గుప్పిట్లో బిగించి చూస్తోంది. నేను కళ్ళు మూసుకుని, కిటికీ వైపు గడ్డిలో మోచేతిదాకా చెయ్యి పెట్టాను.

గడ్డి లోపల పొయ్యి దగ్గరున్నంత వెచ్చగా ఉంది. అరచేతిలోకి ఒకటి ఒదిగింది. నున్నగా, మెత్తగా, చిన్న రసమంత ఉంది. "బాగా మాగింది" అన్నాను గంభీరంగా. అంటూ ఉండగానే అది కదిలింది. చెయ్యి వెనక్కి లాగబోయి లాగలేకపోయాను. నా గుప్పిట్లో ఏదో టకటకమని కొట్టుకుంటోంది, గోరంత గుండె.

"కొట్టుకుంటోంది" అన్నాను.

"ఏంటి కొట్టుకునేది?" అన్నారు మావయ్యగారు.

"పండు."

"నాన్నా, గట్టిగా నొక్కకు!" అని కేక పెట్టింది చిన్నది.

అప్పుడు కళ్ళు తెరిచాను. తాళం వేసి, చెవి మొలకి కట్టుకుని, నేను కాపలా కాసిన గదిలోనే కూనని దాచారు తల్లీకూతుళ్ళు! పెళ్ళయిన నాటినుంచీ పెట్టిస్తాను పెట్టిస్తానంటున్న, ఊడిపోయిన కిటికీ ఊచ సందులోంచి చిన్నది దూరేది. నాన్న మిగిల్చిన పాలలో దూదివత్తి ముంచి పట్టేది. తల్లి లేని కూనని బతికించింది మాత్రం పాలొక్కటే కాదు. "వెచ్చదనం లేకపోతే పోతుందండీ. అంత వేడి ఇంట్లో ఇంకెక్కడుంది?" అంది మా ఆవిడ నెమ్మదిగా. చెట్టునుంచి తెంపిన కాయలు. అయినా అవి లోలోపల వెచ్చబడి, తమ పని తాము చేసుకుంటూ, పక్కనున్న ప్రాణాన్ని కూడా కడుపులో పెట్టుకున్నాయి. పుట్టినప్పటినుంచీ మామిడి మధ్య తిరిగినవాణ్ణి, ఆ గుమ్మంలో కొత్తవాడిలా నిలబడిపోయాను. కూన నా వేలు వెతుక్కుని, నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది.

మావయ్యగారు నవ్వలేదు. అదే భయం వేసింది. "పిల్లి పడుకున్న గడ్డిలో పళ్ళా, బావగారూ?" అన్నారు. నాకు చెల్లెలి ముఖమే కళ్ళముందు ఆడింది. నాన్న లోపలికొచ్చి, కూన ఉన్న చోటి పక్కనుంచే ఒక రసం తీసి, కండువాతో తుడిచి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు, వాసన చూశారు, అరచేతుల మధ్య పిసికారు, ముచ్చిక కొరికి ఉమ్మేశారు. ఆ తరవాత టెంక బయటపడేదాకా జుర్రారు. రసం మోచేతిదాకా కారింది. "గంపకెత్తించండి" అన్నారు. మాకందరికీ ఊపిరొచ్చాక, నావంక తిరిగి, "అబ్బాయ్, ఈ గుండె కొట్టుకునే రకం అంటుమొక్క మాక్కూడా ఒకటియ్యి" అన్నారు. ఇక మొదలు. పెళ్ళికెళ్ళినా పేరంటానికెళ్ళినా, పదిమందిలో నన్ను పిలిచి అంటు అడగడమే!

ఆ సాయంత్రం తాళంచెవి తీసి నాన్న ముందు పెట్టాను. "దగ్గరుంచుకో. ఆ ఊచ మాత్రం పెట్టించమాక" అన్నాడు. కూన విషయంలో నేను కూడా తీర్పు సవరించాను, కళ్ళు తెరిచేదాకా మాత్రమే ఉండవచ్చునని. మూడో నాడు అది నా అరచేతిలోనే కళ్ళు తెరిచింది. ముందు ఒక కన్ను, ఆలోచించుకుని రెండోది. పాలపిందె మీద నూగులాంటి నీలం. లోకంలోకి బయల్దేరుతున్న ఆ ప్రాణికి మొట్టమొదట ఎదురొచ్చింది నేను. పాపం, దానికి ఏ కీడూ జరగలేదు. చిన్నది దానికి 'చప్పుడు' అని పేరు పెట్టింది. అడుగు చప్పుడు వినపడని జాతికి ఆ పేరేమిటని నేను అడగలేదు. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో ఊరందరికీ తెలుసు.

ఇప్పుడు గడ్డి వరసలూ లేవు, ఆ గదీ లేదు. అయినా పండు చేతిలోకి తీసుకుంటే నొక్కను. ఒక్క క్షణం ఊరికే పట్టుకుని ఆగుతాను, ఏమైనా కదులుతుందేమోనని. పిచ్చివాణ్ణి.

మావయ్యగారి బాకీ మాత్రం మరుసటి వేసవిలోనే తీర్చేశాను. చప్పుడు ఈనింది. బుల్లి చప్పుళ్ళు పాలు మరిచే వయసుకి రాగానే మొదటి గంప సిద్ధమైంది. పళ్ళ మీద గడ్డి, గడ్డిలో కడుపునిండా పాలు తాగి నిద్రపోతున్న కూన ఒకటి, పైన గాలాడేలా పల్చటి గుడ్డ. మా పాలేరు ఒళ్ళో పెట్టుకుని బస్సులో తీసుకెళ్ళాడు. అక్కడ పదిమందినీ పోగేసి, "చూడండి, వాళ్ళ అబ్బాయి పండెలా ఎంచుతాడో" అంటూ నన్ను అనుకరించి, కళ్ళు మూసుకుని, గంపలో చెయ్యి పెట్టారట మావయ్యగారు. ఆ తరవాత చాలాసేపు చెయ్యి బయటికి తియ్యలేదట, కళ్ళు కూడా తెరవలేదట.

"అన్నయ్యా, మా మావగారు నోట మాట లేకుండా కూర్చుండిపోవడం ఇన్నేళ్ళలో అదే చూడటం" అంది చెల్లెలు. "చివరికి ఒకే ఒక్క మాటన్నారు."

"ఏమన్నారే?"

"కొట్టుకుంటందర్రా, అన్నారు."