గడియారం తీసేసే మనిషి

శ్రీ సిటీలో మా ఫ్యాక్టరీ సెక్యూరిటీని చూసుకున్నది ఒక మాజీ సుబేదారు, సత్యవేడు మనిషి. ఎక్కడ గొడవ మొదలైనా ముందు చేతిగడియారం తీసి జేబులో వేసుకునేవారు. కారణం అడిగితే మొదటి ప్రపంచ యుద్ధం గురించి చెప్పేవారు.

"ఆ దేశాలు ఒట్టి పగతోనే దిగలేదప్పా. పక్కోడు ముందే సైన్యం కదిలిస్తే మనం ఎనకబడిపోతామని, ఒకర్ని సూసి ఒకరు దిగినారు. చేతికి గడియారముంటే మనకీ ఆ తొందరే పుడతాది."

క్యాంటీన్‌లో ఇద్దరు కార్మికులు కొట్టుకున్న మరునాడు, షిఫ్టు మారే వేళ, ఒకడి మనుషులు గేటు లోపల, ఇంకొకడి మనుషులు బయట గుమిగూడారు. నాతో కలిపి ఉన్నది పన్నెండు మంది గార్డులం, మాకు పన్నెండు లాఠీలు.

"బయటోళ్ళు రాళ్ళు ఏరుతా ఉండారు సార్. లాఠీలు ఇప్పించండి, ఆలస్యమైతే తలలు పగులుతాయి" అన్నాను.

ఆయన గడియారం తీశారు. "లాఠీ కనబడినాక ఆ రాయి ఆగదప్పా. మనమెంత భయపడతా ఉండామో వాళ్ళూ అంతే."

గేటు తెరిపించి, మధ్యలో మూడు కుర్చీలు వేయించి, ఒట్టి చేతులతో ఒకదాంట్లో కూర్చున్నారు. "రెండు పక్కల్నుంచీ ఒక్కొక్కరు రాండప్పా. నన్ను కొట్టాలన్నా కూసోనే కొట్టండి."

ఎవరో నవ్వారు. చాలాసేపటికి బయటి నుంచి ఒకడు రాయి కింద పడేసి వచ్చి కూర్చున్నాడు. తర్వాత లోపలి నుంచి ఇంకొకడు వచ్చాడు.

ముగ్గురూ మాట్లాడుకుని గొడవ సర్దుకుంది. ఒక షిఫ్టు లోపలికి, ఒక షిఫ్టు బస్సుల్లోకి వెళ్ళిపోయాక ఆయన గడియారం పెట్టుకోబోయారు. మూడుసార్లు ప్రయత్నించినా పట్టీ రంధ్రంలోకి బకిల్ ముల్లు దిగలేదు.

నేనే పెట్టాను.